ఎర్ర పులుసులో ఉర్లగడ్డ ముద్దలు

బట్లరు పోయాడన్న కబురు నాకు అనంతపురం స్టేషన్లో, ఎర్రగడ్డల మూటల మధ్య అందింది. గుంతకల్లు నుంచి వచ్చిన గూడ్సు గార్డు నాకు పాత పరిచయం. పచ్చజెండా చంకలో పెట్టుకుని దిగి, "మీ బట్లరు మొన్న పోయినాడప్పా, నిద్రలోనే" అన్నాడు. ఆ సమయానికి నేను మూటలు ఎత్తే కూలి గురించి హమాలీ మేస్త్రితో తగువులో ఉన్నాను. "అయ్యో" అన్నాను. ఆ వెంటనే, "ఆయన పెద్ద ఇత్తడి గిన్నె ఎవరు తీసుకున్నారు?" అని అడిగాను. గార్డు నా మొహం వంక ఒకసారి చూసి, టీ తాగడానికి వెళ్లిపోయాడు. మాది అంగడి పుట్టుక. ఏడ్చే ముందు సరుకు ఎక్కడుందో తెలుసుకుంటాం.

ఆయనకు పేరు లేకపోలేదు. రైల్వే వాళ్ల దగ్గర ఒకటి, చర్చిలో ఒకటి ఉండేవి. గుంతకల్లు బజారుకు మాత్రం ఆయన బట్లరు. రైల్వే ఆఫీసర్ల రెస్టుహౌసులో వంట చేసేవాడు. తెల్లకోటు, ఇత్తడి గుండీలు, చేతిలో గొడుగు. వాన పడని ఊళ్లో గొడుగెందుకని ఎవరైనా అడిగితే "పడితే?" అనేవాడు. అంతే. అడిగినవాడు ఆకాశం వైపు చూసుకుంటూ పోవాల్సిందే.

మా నాయనకు గుంతకల్లు బజారులో ఎర్రగడ్డలు, టమాటలు, ఉర్లగడ్డల అంగడి. పుస్తకాల్లో ఉల్లిపాయ, బంగాళాదుంప అంటారు గానీ మా వైపు అవి ఎర్రగడ్డ, ఉర్లగడ్డే. నాకు పెళ్లయిన కొత్తలో నాయన నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టాడు. లోకంలో నన్ను మించిన బేరగాడు లేడని నేను నమ్ముతున్న రోజులవి. బట్లరు మొదటిసారి మా అంగడికి వచ్చినప్పుడు బుట్టలో పైన పేర్చిన నున్నటి గడ్డలను చేత్తో పక్కకు తోశాడు.

"ఈ కొత్తగడ్డ వద్దబ్బీ. పాతది, ముడతలు పడింది ఉంటే తియ్."

"ఎందుకన్నా, మేకలకా?"

"నాకే. కొత్తగడ్డలో నీళ్లుంటాయి. ఈ జిల్లాలో నీళ్లు యాడన్నా ఉండాయంటే ఈ గడ్డల్లోనే ఉండాయి. అవి నాకేం పని?"

చెడ్డ సరుకు అడిగేవాడు చవక కోసం అడుగుతున్నాడనేది మాకు పుట్టుకతో వచ్చిన చదువు. పారేయాల్సిన గడ్డలు దాదాపు ఊరికే ఇచ్చి, దానం చేసినట్టు మొహం పెట్టాను. ఆయన మళ్లీ వచ్చి మళ్లీ అవే అడిగేసరికి నా తలలో దీపం వెలిగింది. ఈ మనిషికి ముడతల గడ్డే కావాలి, అది మా దగ్గర తప్ప ఎక్కడా లేదు. కొత్తగడ్డ కంటే దానికే ఎక్కువ ధర చెప్పాను. ఆయన బేరం ఆడలేదు. ఒక గడ్డ తీసి బొటనవేలితో నొక్కి, "ఇది ఇంకా ముదరల్యా" అని బుట్టలో పెట్టేసి, గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ గడ్డల్ని కొనేవాడు ఊరి మొత్తం మీద ఆయన ఒక్కడే అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది నాకు. తర్వాతి సంతకు నేనే వాటిని సంచిలో వేసుకుని ఆయన క్వార్టర్సుకు మోసుకుపోయాను. సరుకు వెంట అంగడివాడు నడవడం మా వంశంలో నాతోనే మొదలైంది.

ఆ గడ్డల్ని ఆయన ఏం చేస్తాడో ఆ రోజు చూశాను. యుద్ధకాలంలో ఆయన బెంగుళూరులో, ఇటలీ ఖైదీలను ఉంచిన క్యాంపులో వంటపని చేశాడట. అక్కడ ఒక ఖైదీ తన ఇంటి వంట ఈయనకు నేర్పాడు. ఉడికించిన ఉర్లగడ్డను మెత్తగా చిదిమి, పిడికెడు గోధుమపిండి, ఒక గుడ్డు కలిపి, బొటనవేలి కొనంత ముద్దలు చేసి, ఒక్కొక్కదాన్ని ముళ్లచెంచా వీపు మీద దొర్లించి, మరిగే నీళ్లలో వేస్తాడు. దాని పేరు న్యోకి. ఆ మాట అనేటప్పుడు ఆయన గడ్డం కొంచెం పైకి లేచేది.

"ఈ గీతలెందుకన్నా?"

"సాళ్లు లేని చేన్లో వాన నిలబడతాదా? సాళ్లు లేని ముద్ద మీద పులుసు యాడ నిలబడాల?"

నీళ్లలో మునిగిన ముద్దలు కాసేపటికి ఒక్కొక్కటే పైకి తేలేవి. తేలినదాన్ని తేలినట్టే చిల్లుల గరిటెతో తీసేవాడు. మా కరువు జిల్లాలో నీళ్ల మీద ఏదైనా తేలడం చూసి చాలా కాలమైంది కాబట్టి నేను నోరు తెరుచుకుని చూశాను. తొందరపెడితే "పియానో, పియానో" అనేవాడు. మెల్లగా అని దానికి అర్థమట. ఆ ఖైదీ దగ్గర నేర్చుకున్న మాట. ఉడికించిన నీళ్లు కూడా పారబోసేవాడు కాదు. అవి ఆయన కోటుకు గంజి. కోటు అందుకే కాగితంలా నిలబడేది.

టమాట పులుసే నాకు మింగుడు పడలేదు. తెల్లగడ్డ రెబ్బలు, ఉప్పు, కళాయి పూసిన పెద్ద ఇత్తడి గిన్నెలో గంటలు గంటలు మగ్గిన టమాట. మిరప్పొడి లేదు! మా జిల్లాలో ఎర్రగా ఉండి కారం లేని వస్తువు కుంకుమ ఒక్కటే. అందులో ఆయన సముద్రపు రొయ్యలు వేసేవాడు. సముద్రం మాకు ఎంత దూరమంటే, మద్రాసు మెయిలు ఒక రాత్రంతా పరిగెత్తాలి.

ఆయనకు ఉద్యోగం అయిపోయే సమయం వచ్చింది. ఒక పొద్దు కోటు గుండీలన్నీ పెట్టుకుని మా అంగడికి వచ్చి, నాయన ఎదురుగా నిలబడ్డాడు.

"సావుకారీ, నీ అంగడి పక్క గది ఖాళీగా ఉండాది కదా. నాకు బాడుగకియ్యి. హోటల్ పెడతా."

నాయన తక్కెడ మీద నుంచి చూపు తిప్పలేదు. "ఏం హోటలప్పా?"

"న్యోకి."

"అదేమి?"

నేను కల్పించుకున్నాను. "ఉర్లగడ్డ ముద్దలు నాయనా. టమాట పులుసులో. కారం ఉండదు."

నాయన ఈసారి తలెత్తాడు. "కారం లేకుండా గుంతకల్లులో హోటలా? జరమొచ్చినోళ్ల కోసమా?"

బట్లరు కోపం తెచ్చుకోలేదు. "నెల తిరిగితే క్వార్టర్సు ఖాళీ చెయ్యాల. రాప్తాడులో కూతురింటికి పోవాల. అల్లుడు మంచోడే. వాళ్లమ్మ ఉండాది. నన్ను పొయ్యి తట్టు రానియ్యదు. వండకుండా కూచోని తినేది నాకు చేతకాదు సావుకారీ."

ఆయన నోట అంత పొడుగు మాట నేను అంతకు ముందు వినలేదు. నాయన కూడా వినలేదు కాబోలు, కొంచెం మెత్తబడ్డాడు. మెత్తబడినప్పుడు ఆయన గొంతు ఇంకా గట్టిపడేది.

"నోటితో చెప్పే సరుకు నేను కొనను."

"అయితే తిని చూడు. తిన్నాక ఇంకొంచెం పెట్టమని నువ్వు అడిగితే గది నాది. అడక్కపోతే నేను రాప్తాడు బస్సెక్కుతా."

నాయన వెంటనే ఒప్పుకున్నాడు. ఆయన ఓడిపోయే పందెం కాదది. రెండోసారి నోరు తెరిచి అడిగితే మనిషి విలువ సగం పడిపోతుందని ఆయన నమ్మకం. ఇంట్లో మా అమ్మను కూడా రెండో ముద్ద అడిగేవాడు కాదు. కంచం వైపు చూసేవాడు. అమ్మ వడ్డించేది.

విందు రోజు మద్రాసు మెయిలు ఆలస్యంగా వచ్చింది. గార్డు పెట్టెలోంచి దిగిన రొయ్యల గోనెసంచి ప్లాటుఫారం మీద నీళ్లు కారుస్తోంది. మంచు సగానికి పైగా కరిగిపోయింది. బట్లరు అక్కడే గొంతుకూర్చుని ఒక్కొక్క రొయ్యను ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తూ, సగం రొయ్యలు కుక్కలకు విసిరేశాడు. నా ప్రాణం విలవిలలాడింది.

"అన్నా, అవీ ఎయ్యి. టమాటలో ఎవరికి తెలుస్తాది?"

"నీకు తెలీదు. మీ నాయనకూ తెలీదు. ఆ ఖైదీకి తెలుస్తాది."

"ఆయన ఇప్పుడు యాడుండాడో!"

"యాడున్నా తెలుస్తాది."

ఈ సంగతి నాయనకు చెప్పాను. "సగం సరుకు కుక్కలకేసేవాడు అంగడి పెడితే, లాభం కుక్కలకే" అన్నాడు. గది దక్కదని నాకు ఆ మాటతో తేలిపోయింది. అయినా తినడానికి నేనూ తయారయ్యాను. విందు ఊరికే వస్తున్నప్పుడు ఫలితం గురించి ఆలోచించేంత తెలివితక్కువవాణ్ణి కాను.

పొద్దు గూట్లో పడే వేళకు బట్లరు క్వార్టర్సుకు వెళ్లాం. ఒకటే గది. వాళ్లు కిరస్తానీలు గనక, నాయన ఎందుకైనా మంచిదని ఇంటి నుంచి తన విస్తరాకూ, తన చెంబూ తెచ్చుకున్నాడు. బట్లరు భార్య అది చూసి నవ్వింది. పొట్టి మనిషి, మాట మాత్రం పొడుగు.

"ఆకులో నిలబడదన్నా ఆ పులుసు. నీ ఇష్టం మరి."

నిలబడలేదు. మోదుగాకులకు పుల్లలు గుచ్చి కుట్టిన విస్తరి అది. ఎర్ర పులుసు అతుకుల్లోంచి కారి నాయన తెల్ల పంచె మీదికి పాకింది. మొదట్లో ఆకును అటూ ఇటూ వంచి కాపాడే ప్రయత్నం చేశాడు. తర్వాత, ఎవరి వంకా చూడకుండా, బట్లరు ముందుకు జరిపిన పింగాణీ పళ్లెంలోకి ఆకుతో సహా వంచేశాడు. ఆకు తీసి గోడ వారన పెట్టాడు. ఆ క్షణాన వాళ్ల మతం, మా మతం గోడ వారనే ఉండిపోయాయి.

ఆ రుచి గురించి ఏం చెప్పను! మెత్తగా ఉంటుంది గానీ సంగటి కాదు. పుల్లగా ఉంటుంది గానీ చింతపండు కాదు. నోట్లో పెట్టుకుంటే ఏ తొందరా లేకుండా కరుగుతుంది. రొయ్య ఒక్కటి మధ్యలో తగిలి, సముద్రం అనేది ఒకటుందని గుర్తు చేసి పోతుంది. నాయన మొదట అనుమానంగా నమిలాడు. తర్వాత నమలడం మెల్లగా సాగింది. చివరకు కళ్లు మూసుకున్నాడు. కొనే ముందు కళ్లు మూసుకోవడం మా నాయన చేయగా నేనెన్నడూ చూడలేదు. పళ్లెం ఖాళీ అయింది. గిన్నెలో ఇంకా ఉంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

నాయన పళ్లెం వైపు చూశాడు. బట్లరు కదల్లేదు. ఆయన మా అమ్మ కాదు కదా! నాయన మళ్లీ చూశాడు. బట్లరు చేతులు వెనక్కి కట్టుకుని, ఆఫీసర్ల బల్ల పక్కన నిలబడినట్టు నిలబడ్డాడు.

అప్పుడు నాయన ఒక పని చేశాడు. మండీలో పెద్ద బేరాలు నోటితో జరగవు. అమ్మేవాడూ కొనేవాడూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని, పైన తుండుగుడ్డ కప్పి, లోపల వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు ఏమీ తెలియదు. నాయన భుజం మీది తుండు తీసి ఎడమచేతి మీద కప్పుకుని, ఆ చేతిని బట్లరు వైపు చాపాడు. బట్లరు వంగి చేయి అందించాడు. గుడ్డ కింద నాయన వేలు కదలడం నాకు కనిపించింది. ఒక్క వేలు. ఇంకొక్కసారి వడ్డించమని.

గది వచ్చేసింది అనుకున్నాను. బట్లరు భార్య అప్పటికే గరిటె అందుకుంది.

బట్లరు తన చేయి వెనక్కి తీసుకున్నాడు. "గుడ్డ కింద బేరం నాకొద్దు సావుకారీ. తిన్నది నోరు. అడగాల్సిందీ నోరే."

"ఏమయ్యా, నీకేమన్నా పిచ్చా!" అని అరిచింది భార్య. "గుడ్డ కింద అడిగితే ఏమాయ? ఆకలి ఆకలే కదా! అల్లుడింట్లో ఆ ముసిల్ది వండింది తింటావా బతికినన్నాళ్లూ?"

"తింటా" అన్నాడు బట్లరు.

నాయన లేచాడు. తెచ్చుకున్న చెంబులోని నీళ్లతో చేయి కడుక్కున్నాడు. "వస్తామ్మా" అని ఆమెతో మాత్రం చెప్పి బయటికి నడిచాడు. దారిలో నేను ఒకసారి, "నాయనా, ఆ గిన్నెలో..." అన్నాను. "నోరు మూసుకో" అన్నాడు. మూసుకున్నాను. మా ఇంట్లో ఆ విద్య అందరికీ వచ్చు.

నెల తిరిగింది. బట్లరు రాప్తాడు వెళ్లిపోయాడు. గది ఖాళీగానే ఉంది. ఒక దర్జీ అడిగాడు. ఒక సైకిల్ షాపు అతను అడిగాడు, మంచి బాడుగ చెప్పాడు. నాయన ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పాడు. "గోడ పడేట్టుంది, రిపేరు చెయ్యాల." ఆ గోడ బాంబు వేసినా పడదు. బాడుగ వచ్చే గదిని ఖాళీగా ఉంచడం చూసి బజారంతా నాయనకు ఒంట్లో బాగాలేదనుకుంది. వచ్చినవాళ్లు కషాయాలు చెప్పిపోయారు.

వేసవిలో చింతపండు కోసం నేను రాప్తాడు వైపు వెళ్లాను. బట్లరు అల్లుడింటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కోటు వేసుకునే ఉన్నాడు. కానీ అది తడిసిన గుడ్డలా ఒంటికి వేలాడుతోంది. గంజి లేదు. లోపల్నుంచి వియ్యపురాలి గొంతు, పోపు మాడిన వాసన కలిసి వస్తున్నాయి. ఆయన ముక్కు ఒకసారి ముడుచుకుని సర్దుకుంది.

"బాగుండావా అన్నా?"

"కూచోబెట్టి మూడు పూటలా తిండి పెడతాండారు. ఇంకేం కావాల" అన్నాడు. కోటు గుండీ సర్దుకుంటూ, "మీ నాయన ఏమన్నా అన్నాడా?" అని అడిగాడు.

"ఏమనలేదు."

"అంటాడులే."

నాలోని బేరగాడు ఊరుకోలేదు. "ఆయన తరఫున నేనడుగుతా అన్నా. నాకు ఇంకొంచెం పెట్టు. సరిపాయ కదా?"

"నువ్వడిగితే నీకు పెడతా. గది మీ నాయనది కదబ్బీ."

ఇంటికి వచ్చి నాయనకు కోటు సంగతి చెప్పాను. వేరే ఏమీ చెప్పలేదు. నాయన వింటూనే కుళ్లిన ఎర్రగడ్డలు ఏరుతున్నాడు. మంచివి కూడా రెండు మూడు పారేశాడు.

మర్నాడు పొద్దున్నే చొక్కా తొడుక్కుని, "రా" అన్నాడు. సరుకు లేకుండా నాయన రైలెక్కడం అదే మొదలు. అనంతపురంలో దిగి బస్సు పట్టుకుని రాప్తాడు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. అరుగు మీద బట్లరు లేచి నిలబడ్డాడు. ఇరుగుపొరుగు గడపల్లోకి వచ్చారు. నాయన వీధిలోనే నిలబడ్డాడు.

"ఏమప్పా, ఆ పొద్దు గిన్నెలో ముద్దలు ఇంకా ఉండినాయా?"

"ఉండినాయి."

"మరి పెట్టకపోతివే?"

"నువ్వు అడగకపోతివే."

నాయన చుట్టూ చూశాడు. వియ్యపురాలు, అల్లుడు, పక్కింటి వాళ్లు, ఒక మేక. తుండుగుడ్డ భుజం మీదే ఉంది. చేయి దాని దాకా పోయి ఆగింది.

"ఇంకొంచెం పెట్టప్పా" అన్నాడు.

"వినబడల్యా" అన్నాడు బట్లరు.

"ఇంకొంచెం పెట్టమంటాండా! చెవుడా నీకు? ఆకలవుతాంది!"

వీధి మొత్తానికి వినబడింది. బట్లరు జవాబు చెప్పేలోపే లోపల గిన్నెల చప్పుడు మొదలైంది. ఆయన భార్య మూట కడుతోంది.

హోటలు తెరిచారు. అది నడిచిందని చెప్పను. ఒక మూల కూర్చుందని చెప్పవచ్చు. వచ్చిన నలుగురూ కారం అడిగేవారు. "ఎండలో పుట్టి మిరపకాయల్లో పెరిగినారు, ఒక్క పూట నాలుకకు సెలవియ్యండ్రా" అనేవాడు బట్లరు. రైల్వే ఫిట్టరు ఒకడు జేబులో మిరప్పొడి పొట్లం దాచుకుని వచ్చేవాడు. బట్లరు వెళ్లి వాడి పక్కనే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. వాడు జేబులోంచి చేయి తీయకుండానే తిని, ఇంకొంచెం అడిగి, చెమటలు తుడుచుకుంటూ పోయేవాడు. అయినా బల్లలు చాలావరకు ఖాళీగానే ఉండేవి.

ఒక సాయంత్రం నేను అంగట్లో లెక్క చూస్తుంటే వీధిలో పెద్ద కేక వినిపించింది. ఎవరో కొట్టుకుంటున్నారని బయటికి పరిగెత్తాను. నాయన. మా అంగడి ఎదురుగా, స్టేషను రోడ్డు మధ్యలో, తుండుగుడ్డ గాల్లో ఊపుతూ నిలబడి ఉన్నాడు.

"రండప్పా, రండి! ఉర్లగడ్డ ముద్దలు! ఎర్ర పులుసు! మద్రాసు రొయ్యలు! బండికి ఇంకా టైముండాది, తిని పోండి!"

బొంబాయి ప్రయాణికులు పెట్టెలు గుండెలకు హత్తుకుని పక్కనుంచి తప్పుకుంటున్నారు. మా అమ్మ అంగడి వెనక ఇంట్లోంచి వాకిట్లోకి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ గొంతు ఆమె కూడా వినలేదట. బజారంతా పని ఆపి చూస్తోంది.

హోటల్లోంచి బట్లరు బయటికి వచ్చాడు. చేతిలో గరిటె, మోచేతి దాకా పిండి. మెట్టు మీద నిలబడి నాయనను కింది నుంచి పై దాకా చూశాడు.

"ఏం సావుకారీ, ఆ పొద్దు ఈ గొంతు యాడ దాచిపెట్టింటివి?"

నాయన తిరిగి చూడలేదు. మెయిలు కూత వినబడుతోంది. ఆయన గొంతు సవరించుకుంటున్నాడు.